దారం కాల్చి చూసే అమ్మాయి

నలభై ఏళ్ల మగ్గం బతుకు గురించి నేను రాసిన పుస్తకాన్ని గోడాదరా పేటలోని మా నేతన్నల సంఘం రాతలు దాచే సర్వర్ తిప్పికొట్టింది. పీడీఎఫ్ అయితేనే తీసుకుంటుందట! ఒళ్లు మండి, ఫైలు పేరు చివర నేనే పీడీఎఫ్ అని తగిలించి పంపాను. మళ్లీ వెనక్కే వచ్చింది.

సర్వర్ చూసే అమ్మాయి మీదికి పోయాను.

"జర ఆగు తాతా, లోపల చూద్దాం" అంది. ఎవరి ఫైలు వచ్చినా ఆమె మాట అదే. పేరు పక్కనపెట్టి ఫైలు కడుపులోకి చూసి, టైపింగ్ షాపులో అంటుకున్న వైరస్‌ను చూపించింది. అది ఎక్కి ఉంటే అందరి రాతలూ పోయేవి.

అయినా పౌరుషం కొద్దీ ఇంటికొచ్చి మెసేజ్ పెట్టాను: "నా మీద నమ్మకం లేదా బిడ్డా?"

మర్నాడు జవాబొచ్చింది: "నువ్వు లేబుల్ చూసి పట్టు అని నమ్ముతవా తాతా, దారం కాల్చి వాసన చూస్తవా? నీ రాత సాఫ్ చేసి ఎక్కించిన. ఒక్క అక్షరం పోలే."