చూసొచ్చి చెప్పమన్న టీచరమ్మ

టీచరమ్మ ఇక లేరన్న కబురు నాకు సింగపూర్‌లో, టాంపినీస్ తిండి కొట్ల హాకర్ సెంటర్లో, ముందున్న కాఫీ చల్లారకముందే అందింది. ఫోన్ చేసింది అక్బర్ భాయ్. హైదరాబాద్ వాడు, మా ఆఫీసులోనే పనిచేస్తాడు, మా శనివారం క్విజ్‌కు మొదటినుంచీ వస్తున్నవాడు. "ప్రసాద్ భయ్యా, టీచరమ్మ పోయింది. పొద్దుగాల లేపనీకి పోతే లేవలేదంట. నాకైతే నమ్మబుద్ధైతలేదు" అన్నాడు. "నీకెవరు చెప్పారు? సరిగ్గా కనుక్కున్నావా?" అని కసిరాను. నా నైజమే అంత, మృత్యువుతో కూడా వాదనకు దిగే రకం. అవతల అక్బర్ ఏడుస్తున్నాడని అర్థమయ్యాక నోరు మూసుకున్నాను.

శ్రీమతి అప్పలనరసమ్మ గారు అంటే మాలో చాలామంది తడుముకుంటారు. టీచరమ్మ అంటే గుర్తుపట్టని తెలుగు ఇల్లు ఈ తూర్పు సింగపూర్‌లో అరుదు. మలేసియా రబ్బరు తోటల మధ్య పుట్టి, ఉద్యోగరీత్యా దక్షిణానికి దిగివచ్చి, ఇక్కడి బడిలో దీర్ఘకాలం చరిత్ర బోధించి, పదవీ విరమణానంతరం హౌగాంగ్‌లో కూతురి ఇంట స్థిరపడ్డారు. తాతల తరంలో విశాఖ తీరంనుంచి ఓడెక్కిన తెలుగు ఆవిడది. సముద్రం దాటినా ఆ యాస చెక్కుచెదరలేదు. పైపెచ్చు దానికి నాలుగు మలయ్ మాటలూ, చివర ఒక 'లా' తోడయ్యాయి. ఆ భాషలోనే ఆవిడ ఐరోపా ఖండాన్ని మాకు కరతలామలకం చేశారు.

అవి కంప్యూటర్ చదువు చదివినవాడికల్లా విమానం టికెట్టు దొరికే రోజులు. మమ్మల్ని మా కంపెనీలు ఒక నెల ఫ్రాంక్‌ఫర్ట్‌కు, ఇంకో నెల బ్రసెల్స్‌కు బంతుల్లా విసిరేవి. మేమూ వెళ్లేవాళ్లం, వచ్చేవాళ్లం. ఐరోపా అంటే మాకు ఒక హోటలు గది, ఒక ఆఫీసు, మధ్యలో టాక్సీ, రాత్రికి ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం. ఒకసారి ఎవరింట్లోనో భోజనాల దగ్గర నేను పారిస్‌లో ఐదు వారాలుండి వచ్చానని గొప్పగా చెబుతుంటే, పక్కనున్న పెద్దావిడ అన్నం కలుపుతూ అడిగారు. "మరి ఆ ఇనప గోపురం ఎక్కినావేటి బాబూ?" లేదండీ, పని ఒత్తిడి, అన్నాను. "ఓలమ్మ! ఐదు వారాలుండి దాని కాడికెల్లలేదేటి? ఒంట్లో బాగోలేదా?" అని నిజంగానే జాలిపడ్డారు. అదే మా తొలి పరిచయం.

ఆ గోపురం వేసవిలో కాస్త ఎత్తు పెరుగుతుందని ఆవిడే అక్కడికక్కడ చెప్పారు. నేను ఊరుకుంటానా? ఇనుము పెరగడమేమిటని ఎదురు తిరిగాను. "బండి సక్రానికి ఇనప పట్టా ఎలగ తొడుగుతారో ఎప్పుడైనా సూసినావా? ఎర్రగా కాలిస్తే పట్టా పెద్దదవుద్ది, తొడిగి నీల్లు పోస్తే బిగిసిపోద్ది. ఆ గోపురానికి ఎండే కొలిమి" అన్నారు. ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నవాణ్ణి, ఉష్ణ వ్యాకోచం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రెంటినీ కలిపి చూడడం నాకు తట్టలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడతో, "ఈవిడ మామూలు మనిషి కాదే" అన్నాను.

అక్కడినుంచి ప్రతి శనివారం సాయంత్రం హౌగాంగ్‌లో వాళ్ల బ్లాకు కిందనున్న గదిలో క్విజ్ జరిగేది. పిల్లలూ పెద్దలూ కలిసే కూర్చోవాలి. ఆవిడ నియమాలు రెండు. మొదటిది, 'తెలీదు' అనే మాట ఆ గదిలో వినపడకూడదు. తోచింది చెప్పాలి, ఎందుకు తోచిందో కూడా చెప్పాలి. రెండోది, మాలో ఎవరు ఐరోపాకు వెళ్లినా ఒక ప్రశ్న వెంట తీసుకెళ్లి, కళ్లారా చూసి, తిరిగొచ్చిన శనివారం అందరిముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. "సూసొచ్చి సెప్పు" అనేవారు విమానాశ్రయానికి బయల్దేరేవాడితో. జాగ్రత్త, ఆరోగ్యం లాంటి మాటలు ఉండేవి కావు.

ఆ సాక్ష్యాల వైభవం ఏమని చెప్పను! ఒకతను పారిస్ వెళ్లొచ్చి, "ఆంటీ, మోసం! మోనాలిసా మా పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటమంత లేదు" అని గగ్గోలు పెట్టాడు. "అంత సిన్న పటాన్ని సూడ్డానికి అంత జనం ఎందుకొచ్చినారో అది సెప్పు ముందు" అని ఆవిడ గంటసేపు అతణ్ణి కూర్చోనివ్వలేదు. ఇంకొకాయన వెనిస్ నుంచి వచ్చాడు. ఆ నగరం నీళ్లలో దిగ్గొట్టిన కొయ్య దుంగల మీద శతాబ్దాలుగా ఎలా నిలిచిందన్నది అతని ప్రశ్న. గాలి తగలని కొయ్య తొందరగా కుళ్లదట అని అతను చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా అమ్మమ్మ సెప్పీది, మనూళ్లో నూతి అడుగున నేరేడు సెక్క ఏసేవోరని. ఎందుకో ఇన్నాల్లకి తెలిసింది లా!" అన్నారు. ఆ వయసులో, అంత చదువుకున్న మనిషి, కొత్త సంగతి తెలిసినప్పుడల్లా పసిపిల్లలా మురిసిపోవడం నేను మరెవరిలోనూ చూడలేదు.

అన్నీ చూశారా ఆంటీ మీరు అని ఎవరైనా అడిగితే, "సూసింది కొంచెం. సదివింది సానా. సూడాల్సినోలు మీరు" అనేవారు. ఎప్పుడో భర్తతో కలిసి బస్సులో కొన్ని దేశాలు తిరిగొచ్చారట. ఆ ముచ్చట మాత్రం ఎంత అడిగినా చెప్పేవారు కాదు.

ఇక నేను చెప్పి తీరవలసిన సంగతికి వస్తాను. దీనికోసమే ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నాను.

ఒక ఏడాది చివరి పోటీలో, గెలుపోటములు తేల్చే ప్రశ్న అక్బర్ కూతురు సమీనాకు వచ్చింది. అప్పటికి దానికి పదకొండేళ్లు. చెయ్యి దించడమెరగని పిల్ల. ప్రశ్న పూర్తికాకుండానే లేచి నిలబడేది. ప్రాగ్ నగరంలో నదిమీద చార్లెస్ వంతెన ఉంది కదా, దాన్ని కట్టినప్పుడు సున్నంలో ఏం కలిపారు? ఇదీ ప్రశ్న. కోడిగుడ్లు అన్నది ఆవిడ దగ్గరున్న జవాబు. సమీనా లేచి, "దట్స్ ఓన్లీ ఎ స్టోరీ, ఆంటీ. పీపుల్ సే ఎగ్స్. కానీ నిజంగా ఎవరికీ తెలీదు లా. లైబ్రరీ బుక్‌లో ఉంది" అంది.

గది గొల్లుమంది. 'తెలీదు' అనకూడని చోట 'ఎవరికీ తెలీదు' అంటుందేమిటని అందరికీ నవ్వు. టీచరమ్మ కూడా నవ్వారు. "ఇక్కడ తెల్దు అనడానికి ఈల్లేదమ్మా. మా తాత గానుగ సున్నంలో గుడ్లు కొట్టి పోసి మిద్దెలు కట్టినోడు. గుడ్లు కలిపితేనే గట్టిగుంటాది. తప్పు, కూకో" అన్నారు. సమీనా కూర్చుంది. దాని జట్టు ఓడిపోయింది. ఆ తర్వాత వాళ్లు పుంగ్గోల్‌లో కొత్త ఫ్లాటుకు మారారు. అక్బర్ మాత్రం ఒంటరిగా వచ్చేవాడు. పిల్ల ఏదని అడిగితే, హోంవర్క్ ఉంది అనేవాడు.

కొంతకాలానికి నన్ను కంపెనీ ప్రాగ్ పంపింది. ఆవిడ ఈ వంతెననే నా నెత్తిన పెట్టారు. వంతెన మీద నిలబడి ఒక ముసలి గైడును అడిగాను. అతను పకపకా నవ్వి, గుడ్ల కథ తమ అమ్మమ్మల కాలంనుంచీ ఉందన్నాడు. రాజుగారు ఊరూరినుంచీ గుడ్లు పంపమంటే, ఒక ఊరివాళ్లు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారట! నిజంగా కలిపారో లేదో మాత్రం ఈనాటికీ ఎవరూ తేల్చలేదు, పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు అన్నాడు. తిరిగొచ్చిన శనివారం అదంతా అభినయించి మరీ సాక్ష్యం చెప్పాను. ఉడికిన గుడ్ల దగ్గర అందరూ పొట్టలు పట్టుకున్నారు. టీచరమ్మ ఒక్కరే నవ్వలేదు.

"అయితే ఆ పిల్ల సెప్పిందే రైటు కదేటి?" అన్నారు. ఎవరికీ ఏ పిల్లో గుర్తులేదు. అక్బర్‌కు గుర్తుంది, అతను తల దించుకున్నాడు. ఆవిడ ఆ సాయంత్రం ఇంక ప్రశ్నలు అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "పెసాదూ, పుంగ్గోల్ ఎల్లాల, రా." మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి. ఫోన్లో చెబితే సరిపోతుంది కదా అన్నాను. "తప్పు నలుగుర్లో సెప్పీసి, సారీ ఫోన్లో సెప్తారేటి?" అని కేకలేశారు. నోరు మూసుకుని ట్రైన్ ఎక్కించాను.

అక్బర్ గాభరాపడిపోయాడు. "అయ్యో టీచరమ్మా, మీరెందుకొచ్చిన్రు? చిన్నపిల్ల, ఎప్పుడో మర్చిపోయింది" అన్నాడు. "ఊరుకో అక్బరూ, నాను నీకు సెప్పడానికి రాలేదు" అని ఆవిడ కూర్చోకుండానే సమీనా ముందు నిలబడ్డారు. "అమ్మా, ఆ రోజు నువ్వు సెప్పిందే రైటు. మా తాత కలిపినాడని ఆ వంతెన కట్టినోలు కూడా కలిపినారనుకున్నాను. నాను తప్పు సెప్పీసేను. అంతే కాదు, రైటు సెప్పిన నిన్ను అందరి ముందూ తప్పని కూకోబెట్టీసేను. నన్ను సెమించు" అన్నారు. డెబ్బై ఏళ్ల ఉపాధ్యాయురాలు పన్నెండేళ్ల పిల్లకు చేతులు జోడించారు.

సమీనా కాలి బొటనవేలు చూసుకుంటూ, "ఇట్స్ ఓకే ఆంటీ" అంది. అంతే.

తిరుగు ప్రయాణంలో ఆవిడ మోకాళ్లు రాసుకుంటూ అన్నారు. "ఇట్స్ ఓకే అంటే ఓకే కాదు బాబూ. ఇన్నేల్లు బడిలో ఉన్నాను, నాకు తెల్దేటి?" ఆ తర్వాతి శనివారం గదిలో అందరిముందూ తన తప్పు చెప్పారు. మొదటి నియమాన్ని కూడా అక్కడే సవరించారు. ఎవరికీ తెలియని సంగతిని 'ఎవరికీ తెలీదు' అని చెబితే అది కూడా జవాబే. ఆనాటి పోటీలో ఉండి తర్వాత రావడం మానేసినవాళ్లకు ఒక్కొక్కరికీ కబురు పెట్టించారు. మాలో కొందరు ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని గొణుక్కున్నారు. గొణుక్కోనీ.

సమీనా మళ్లీ వాళ్ల నాన్నతో రావడం మొదలుపెట్టింది. వెనక వరసలో కూర్చునేది. చెయ్యి మాత్రం ఎత్తేది కాదు. జవాబు తెలిసిన సంగతి దాని కళ్లలో కనిపిస్తూనే ఉండేది, చేతులు ఒళ్లోనే ఉండేవి. నాకు ఓపిక తక్కువ. ఒక తేలిక ప్రశ్న దాన్నే పేరుపెట్టి అడగండి ఆంటీ అన్నాను ఒకరోజు. నామీద విరుచుకుపడ్డారు. "నీకు బుద్ధుందేటి? పిలిసి సెప్పించుకుంటే అది నా కోసం సెప్పినట్టు. దాని సెయ్యి దానంతటది లేవాల. దాని మనసు ఇరిసినోలకి తొందరపడే అక్కు లేదు" అన్నారు. అలా నెలలు గడిచాయి, సంవత్సరాలూ గడిచాయి. ఆవిడ ప్రతి ప్రశ్న తర్వాతా ఒక్క క్షణం వెనక వరసవైపు చూసి, తర్వాతే ఇంకొకరిని పిలిచేవారు.

చివరి రోజుల్లో మంచం దిగలేకపోయారు. క్విజ్ మేమే ఎలాగోలా నడిపాం. చూడడానికి వెళ్తే నా ఉద్యోగం గురించి గానీ, తన జబ్బు గురించి గానీ మాట లేదు. "ఆ పిల్ల సెయ్యెత్తిందేటి?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఒక అబద్ధం ఆడేస్తే సరిపోయేది కదా అని ఇప్పుడనిపిస్తుంది. కానీ ఆ మనిషి ముందు అబద్ధం నోట రాలేదు. "సర్లే" అని అటు తిరిగి పడుకున్నారు.

మొన్న శనివారం అదే గదిలో సంతాపసభ జరిపాం. మా సంఘం పెద్దాయన అధ్యక్షత వహించి, కాగితం చూసి గంభీరంగా ప్రసంగించారు. "ఆమె సాక్షాత్ సరస్వతీ స్వరూపిణి. జీవితపర్యంతం ఆమె నోట ఒక్క పొరపాటు మాట వెలువడగా ఎరగం" అన్నారు. అందరం తలలూపాం. నేనూ ఊపాను. పోయినవాళ్ల గురించి అలాగే చెబుతారు, అది మన మర్యాద.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

పెద్దాయనకు అర్థం కాలేదు. "ఏం కావాలమ్మా? మంచినీళ్లా?" అన్నారు. పదిహేనేళ్ల సమీనా లేచి నిలబడింది. "సారీ అంకుల్. దట్ ఈజ్ రాంగ్" అంది. అక్బర్ కంగారుగా "బైఠో బేటా" అని చున్నీ లాగాడు. అది కూర్చోలేదు. వచ్చీరాని తెలుగులో ఆపకుండా చెప్పింది. "టీచర్ ఆంటీ వన్ టైమ్ తప్పు చెప్పింది. నాకే చెప్పింది. తర్వాత మా ఇంటికి వచ్చి, అంత కాళ్ల నొప్పితో వచ్చి, తప్పు నాది అని చెప్పింది. మీరు అది తీసేస్తే అంకుల్, అది మా ఆంటీ కాదు లా."

పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "దిద్దుకుంటానమ్మా" అన్నారు మెల్లగా. అక్బర్ మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. సమీనా చెయ్యి ఇంకా దించలేదు. దాని జవాబు సరైనదేనని ఆవిడ నోట వినడానికి, అలవాటు కొద్దీ మేమందరం ఒక్కసారి ముందువైపు తిరిగాం. అక్కడ ఫోటో మాత్రమే ఉంది.