చిలకలగూడ గిర్నిలో చెంపదెబ్బ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అసలే లేదు. దయ్యాలకే నేనంటే భయముండాలని మా ఆయన అంటుంటాడు. కావచ్చు, నాకు కోపం ఎక్కువ. చిన్నప్పుడు మా వాడకట్టులో నా గురించి "దానికి చెయ్యి ముందు, మాట ఎన్కా" అనేవాళ్ళు. దిష్టి తీయించుకోను, తాయెత్తు కట్టుకోను. నడిరోడ్డు మీద ఎవరైనా నిమ్మకాయలు కోసి పసుపు కుంకుమ చల్లి పెడితే, పెట్టినవాళ్ళను తిట్టుకుంటూ వాటిని తొక్కుకుంటూనే పోతాను.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాతది విని "ఈమెకు ఇలాంటివి మామూలే" అని ఎవరూ అనుకోకూడదు. నాకు ఇలాంటిది జీవితంలో ఒక్కసారే జరిగింది, అది కూడా పట్టపగలు.

నా పేరు స్వరూప. మౌలాలిలో మా ఇంటి ముందు గదిలోనే చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతాను. అమ్మ, తమ్ముడు శీను చిలకలగూడలో ఉంటారు. ఇంటి ముందే వాళ్ళ పిండి గిర్ని. నాన్న పోయాక అమ్మే దాన్ని చూసుకుంటోంది. ఎండాకాలం వచ్చిందంటే గోధుమల కంటే మిరపకాయల గిరాకీ ఎక్కువ. ఆ సందు మొగదలే తుమ్ములు షురూ అవుతాయి.

శీనుకు ఇంటర్ చదివేటప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. డాక్టరు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోళీలు రాశాడు. వాటితో ఫిట్స్ ఆగిపోయాయి, ఏళ్ళ తరబడి మళ్ళీ రాలేదు. అయినా పోయిన ప్రతిసారీ డాక్టరు రెండు మాటలు గట్టిగా చెప్పి పంపేవాడు. తను చెప్పేదాకా ఒక్క పూట కూడా గోళీ ఆపొద్దు. తిరిగే మిషను దగ్గరికి పోవద్దు. అందుకని శీను కాంటా దగ్గర కూర్చుని తూకం వేసేవాడు. మిషను మీద యాదగిరి అని ఒకతను పనిచేసేవాడు.

రోజూ పొద్దున నేను ఫోన్ చేసేదాన్ని. అడిగేది ఒక్కటే.

"ఏస్కున్నవా?"

"ఏస్కున్న అక్కా."

పెట్టేసేదాన్ని. బాగున్నావా, తిన్నావా అనే ముచ్చట్లు మా మధ్య లేవు.

ఇక అమ్మ సంగతి. మా అమ్మ అబద్ధమాడదు. అది ఆమెకు గొప్ప, మాకు తక్లీఫ్. చుట్టాలు పెట్టిన చీర బాగాలేకపోతే మొహం మీదే చెప్తుంది. పిండిలో ఇంత పురుగు కనబడితే గిరాకీ చూడకముందే తనే పిలిచి చూపిస్తుంది. ఇలాంటి మనిషి దగ్గరికి సీతాఫల్‌మండి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల శీనుకు బాగా నచ్చింది. ఫోన్లో ఆ పిల్ల ఫొటో చూసీ చూసీ తూకాలు తప్పేవాడట.

పిల్ల తండ్రి పద్ధతి గల మనిషి. అమ్మను పక్కకు పిలిచి అడిగాడు. "ఏమనుకోకు అక్కా. పిలగానికి బీమార్లు గిట్ల ఏం లేవు గద? రోజు గోళీలు మింగుడు గిట్ల?"

అమ్మ ఆ రోజు మాట దాటేసింది. కొన్ని దినాలాగి చెప్తానంది. ఆ రాత్రే శీనుతో గోళీలు ఆపించింది.

"గిన్నేండ్ల సంది రాలేదంటే తగ్గినట్టే గద బిడ్డా. జెర కొన్ని దినాలు బంద్ పెట్టు. గప్పుడు దేవుని మీద ఒట్టేసి చెప్తా, మా పిలగాడు ఏ గోళీ మింగుతలేడని."

అబద్ధమాడడం చేతగాక నిజాన్నే వంచిందన్న మాట. ఇలాంటి తెలివి మా ఇంట్లోనే పుడుతుంది. శీను నాకు మాత్రం రోజూ "ఏస్కున్న అక్కా" అని చెప్తూనే ఉన్నాడు. ఆ అబద్ధం అమ్మ లెక్కలోకి రాలేదు. ఆడింది ఆమె కాదు కదా!

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు పొద్దున నాకేమీ తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు పార్లర్‌కు రైల్వే కాలనీ నుంచి ఒక మేడం ఫేషియల్‌కు వచ్చింది. కళ్ళ మీద తడి దూది పెట్టుకుని పడుకుంది. రోజా వాసన వచ్చే మసాజ్ క్రీముతో చాలాసేపటి నుంచి ఆమె మొహం రుద్దుతున్నాను. పొద్దున వంటలో చేతికి కారం అంటిందేమో అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఆ పొద్దున మేము తిన్నది పాలు, బ్రెడ్డు. పైగా చేతికి ముందే కారముంటే, మొదటిసారి ముట్టుకున్నప్పుడే ఆమె లేచి ఉరికేది.

రుద్దుతూ రుద్దుతూ ఉండగా నాకు కోపం వచ్చింది. కోపం నాకు కొత్త కాదు, కానీ దానికెప్పుడూ ఒక కారణముంటుంది, ఒక మనిషి ఉంటాడు. ఈ కోపానికి ఎవరూ లేరు. అరికాళ్ళ నుంచి లేచింది. పళ్ళు పటపటా కొరికాను. నా కుడి చెయ్యి ఆమె చెంప మీది నుంచి పైకి లేచింది. ఒట్టు, నేను లేపలేదు. భుజం వెనక దాకా పోయి, గాలిలో ఫెడీమని కొట్టింది.

గాలిని కొడితే చప్పుడు రాదు. ఇది గోడలు అదిరేలా వచ్చింది.

"ఏందమ్మా గది?" అని మేడం ఉలిక్కిపడింది. నా చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. ఏం లేదు మేడం అని, మళ్ళీ ఆమె మొహం మీద చెయ్యి వేశాను. కెవ్వుమని అరిచి లేచి కూర్చుంది. "మంట, మంట" అని నా చెయ్యి విసిరికొట్టింది. క్రీము డబ్బా కిందపడి దొర్లింది.

నా అరచెయ్యి చూసుకున్నాను. ఎర్రగా ఉంది. దెబ్బకు కందిందనుకున్నాను. కందడం కాదు, కారం. మిషనులోంచి అప్పుడే రాలిన మెత్తటి ఎర్రకారం క్రీములో కలిసి ముద్దగా అంటుకుని ఉంది. గోళ్ళ సందుల్లో కూడా ఉంది. ఎడమ చెయ్యి తెల్లగానే ఉంది.

మేడం ఏడుస్తోంది. చల్లటి నీళ్ళు, పాలు ఆమె మొహం మీద గుమ్మరిస్తుండగానే ఫోన్ మోగింది. అమ్మ.

"బిడ్డా, శీనుకు మల్లొచ్చింది. ఆగుతలేదు."

సికింద్రాబాద్‌లోనే ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను ఆటోలో వెళ్ళేసరికి శీనును లోపల ఉంచారు. అమ్మ చీర కొంగంతా రక్తం. పక్కన లలితమ్మ ఉంది. అమ్మ వాళ్ళ పక్కింటామె, కారం పట్టించుకోవడానికి గిర్నిలో నిలబడి ఉండగా అంతా కళ్ళారా చూసింది. జరిగింది ఆమే చెప్పింది.

యాదగిరి ఆ రోజు పెళ్ళికి పోయాడు. గిర్ని ముందు ఆడవాళ్ళు డబ్బాలతో బారులు తీరారు. నాకు బీమారే లేదు కదా అనే ధీమాతో శీను మిషను దగ్గర నిలబడ్డాడు. భుజం మీద తువ్వాల. కట్టెతో మిరపకాయలు లోపలికి తోస్తున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. చేతిలోంచి కట్టె జారిపడింది. అలాగే నిలబడి, తిరుగుతున్న బెల్టు మీదికి మెల్లగా వంగుతున్నాడు. లలితమ్మ అరిచింది కానీ ఆ రొదలో ఎవరికి వినబడుతుంది?

"మిషను చప్పుడుకు పక్కనున్నోళ్ళ మాటనే ఇనరాదు. గా దెబ్బ మాత్రం ఇనొచ్చింది బిడ్డా. పటాకి పేలినట్టు. గాడ ఎవ్వలు లేరు. నా పిల్లల మీద ఒట్టు, ఎవ్వలు లేరు. పిలగాడు ఎన్కకు ఎగిరి మిరపకాయ బస్తాల మీద పడ్డడు."

తువ్వాలను మాత్రం బెల్టు లాక్కుంది. మిషను కేసి టపాటపా బాది, చీలికలు చేసి విసిరేసింది. ఆ జాగాలో తమ్ముడి మెడ ఉండాల్సింది.

బస్తాల మీద పడ్డాక ఫిట్స్ మొదలయ్యాయి. మడమలు నేలకు కొట్టుకుని తోలు లేచిపోయింది. ఒకామె గిర్ని తాళాలు తెచ్చి వాడి పిడికిట్లో కుక్కింది. ఇనుము పట్టుకుంటే ఆగుతుందని మనవాళ్ళ నమ్మకం. ఇంకొకామె నాలుక కొరుక్కుంటాడని నోట్లో గంటె కాడ దూర్చింది. ముందు పన్ను ఫట్‌మని విరిగి నోరంతా రక్తమైంది. లోపలి నుంచి అమ్మ ఉరికొచ్చి ఆ గంటెను లాగి పారేసి, ఆమెను ఒక్క తోపు తోసి, శీనును పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టొద్దని, పక్కకు తిప్పమని డాక్టరు ఎప్పుడో చెప్పిన ఆ ఒక్క ముక్క మాత్రం అమ్మ మరిచిపోలేదు. కానీ ఫిట్స్ ఆగినట్టే ఆగి, తెలివి రాకముందే మళ్ళీ మొదలయ్యాయి.

డాక్టరు బయటికొచ్చాడు. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తే ఆగిందట. కానీ తెలివి వచ్చేదాకా ఏమీ చెప్పలేనన్నాడు.

"టాబ్లెట్లు ఎప్పుడు ఆపారు?"

ఆపడమేంటి, రోజూ వేసుకుంటున్నాడు అని నేను నోరు తెరిచేలోపే అమ్మ అంతా చెప్పేసింది. సంబంధం, ఒట్టు, అన్నీ. నా చెయ్యి లేచింది. కన్నతల్లి కాబట్టి ఆమె మీద వేయకుండా గోడ మీద వేశాను.

డాక్టరు అమ్మ మీద మండిపడ్డాడు. "తగ్గింది కాబట్టి ఆపడం కాదమ్మా, వేసుకుంటున్నాడు కాబట్టే తగ్గింది. ఒక్కసారిగా ఆపితే ఇలాగే ఇంతకింత తిరగబడుతుంది. ప్రాణం పోతుంది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వింది. తర్వాత అడిగింది, "మరి బంద్ పెట్టినయన్ని ఒక్కసారే ఏసెయ్యాల్నా సారూ?"

డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "అదింకో ప్రమాదం. ఒక పూట మరిచిపోయినా రెండు కలిపి మింగించొద్దు. ఏం చెయ్యాలో నాకు ఫోన్ చేసి అడగండి. మీ సొంత తెలివి వద్దు." వెళ్ళబోతూ ఆగాడు. "అవునూ, ఆ చెంప మీద దెబ్బేంటి? ఫిట్స్ వచ్చిన మనిషిని కొడతారా ఎవరైనా? ఎవరు కొట్టింది?"

"మా బిడ్డ" అంది అమ్మ. "గీ స్వరూప."

ఆ వరండాలో అందరూ నావైపు తిరిగారు. నేను గొంతు చించుకున్నాను. నేను మౌలాల్ల ఉన్న, పార్లర్ల గిరాకీ ఉన్నది, కావాలంటే ఆమెనే అడుగుండ్రి అని అరిచాను. అబద్ధమాడే రోజు ఇదేనా నీకు అని కూడా అన్నాను.

అమ్మ కోప్పడలేదు. నా కుడి చెయ్యి పట్టుకుని చిటికెన వేలు చూపించింది. చిన్నప్పుడు తలుపు సందులో పడి విరిగి, అది వంకరగా అతుక్కుంది. మిగతా వేళ్ళతో కలవదు. "పోయి వాని చెంప చూడు. నేను కన్న చెయ్యి నాకెర్కలేదానే?"

నర్సును బతిమాలి లోపలికి పోయాను. శీను కదలకుండా పడుకుని ఉన్నాడు. మొహమంతా గిర్ని దుమ్ము పలచగా ఉంది. ఎడమ చెంప మీద మాత్రం అదే కారం మందంగా గడ్డకట్టి, ఒక అరచెయ్యి ఆకారంలో ఉంది. మూడు వేళ్ళు కలిసి, చిటికెన వేలు ఎడంగా, వంకరగా. తడి దూదితో తుడిచాను. దూదికి జిడ్డు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కారం ఘాటు కింద రోజా వాసన. నా మసాజ్ క్రీము వాసన నాకు తెలియదా?

అక్కడే కూలబడి ఏడ్చాను. రారా తమ్మీ, లేవరా, ఇంకెప్పుడూ కొట్టనురా అని ఏడ్చాను. నేను కొట్టలేదు. అయినా అదే మాట నోట్లోంచి వచ్చింది.

మర్నాడు పొద్దున శీను కళ్ళు తెరిచాడు. విరిగిన పన్నుతో, వాచిన పెదవులతో వాడన్న మొదటి మాట:

"గంత గట్టిగ కొడ్తరా అక్కా?"

ఎప్పుడు కొట్టానురా అంటే చెప్పాడు. బెల్టుకూ వాడికీ మధ్య నేను నిలబడి ఉన్నానట. ఏస్కున్నవా అని అడిగానట. "ఏస్కోలే అక్కా అన్న. చెప్పినంక సుత కొట్టినవ్."

ఫిట్స్ వచ్చే ముందు మెదడు ఇలాంటివి చూపిస్తుందని, తర్వాత జ్ఞాపకాలు కలగాపులగమవుతాయని డాక్టరు చెప్పాడు. ఒప్పుకుంటాను, చదువుకున్నవాడు. కానీ నా మెదడుకు ఫిట్స్ లేవు. గోళ్ళ సందుల్లోంచి కారం పోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రైల్వే కాలనీ మేడం మళ్ళీ నా పార్లర్ గడప తొక్కలేదు. లలితమ్మ ఇప్పటికీ ఆ చప్పుడు గురించి చెప్తుంది. వీటన్నిటినీ ఎట్లా కలపాలో నాకు చేతకాలేదు, ఇప్పటికీ చేతకాదు.

అమ్మ తనే సీతాఫల్‌మండి పోయి ఫిట్స్, గోళీలు, విరిగిన పన్ను, అన్నీ చెప్పి వచ్చింది. వాళ్ళు చాయ్ ఇచ్చి పంపారు. మళ్ళీ ఫోన్ చేయలేదు. శీను కొన్నాళ్ళు సరిగా తినలేదు. గోళీలు మాత్రం మానలేదు. కాంటా దగ్గర్నుంచి లేవడం లేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నమ్మాలంటే ఆ దయ్యం నేనే అని ఒప్పుకోవాలి.

రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. మొన్న పొద్దున కూడా చేశాను. వీడియో కాల్ కాదు, మామూలు ఫోనే. ఎడమ చేత్తో చెవి దగ్గర పెట్టుకుని అడిగాను.

"ఏస్కున్నవా?"

అటువైపు గోళీ అట్ట చిరిగిన చప్పుడు వినబడింది.

"ఏస్కుంటున్న అక్కా. గోళి చేతులనే ఉన్నది. నువ్వు ముందుగాల గా చెయ్యి దించు."

చూసుకున్నాను. నా కుడి చెయ్యి భుజం పైకి లేచి ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. వాడు నీళ్ళు మింగిన చప్పుడు వినబడ్డాకే దిగింది.