మాకు వీపు చూపించిన పూలు

ఆ రోజుల్లో బెజవాడలో కంప్యూటర్ రాని మనిషిని జబ్బు మనిషిని చూసినట్టు జాలిగా చూసేవాళ్లు. గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపులో గుమాస్తాగా చేసే మా నాన్న, దారిలో ఎవరో పంచిన కంప్యూటర్ కోర్సుల కరపత్రాలన్నీ పోగేసి తెచ్చి నా కంచం పక్కన పెట్టేవారు. నేనేమో ఎమ్మెస్సీ బోటనీ తప్ప ఇంకేదీ చదవనని భీష్మించుకు కూర్చున్నాను. "మొక్కల గురించి యూనివర్సిటీ దాకా వెళ్లి చదవడమేంటే? మైలవరంలో మీ బాబాయి ఏం చదివి పండిస్తున్నాడు?" అనేవారు. (నిజమే, బాబాయికి పుస్తకం కనబడితే చాలు, నిద్ర ముంచుకొచ్చేది.)

ఆ బాబాయే ఒకసారి వస్తూ గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు తెచ్చాడు. భవానీపురంలో మా వరండాకి ఎదురుగా, తూర్పు వైపు, కాస్త ఖాళీ జాగా ఉండేది. తర్వాత ప్రహరీ, గోడ అవతల మేడింటి అత్తయ్యగారు. గోడ వారన గింజలు నాటి, ఊరుకోలేక నాన్నతో పందెం కాశాను. "పొద్దున ఇవి తూర్పుకి చూస్తాయి. సాయంత్రం మీరు టీ తాగే వేళకి మీ వైపు తిరుగుతాయి. పూశాక అలా తిరిగితే నేను ఎమ్మెస్సీ, తిరక్కపోతే నోరు మూసుకుని కంప్యూటర్!" నాన్న మహా హుషారుగా ఒప్పేసుకున్నారు.

మొగ్గలు తొడిగాక నిజంగానే తిరిగాయండీ! ఓడిపోవాల్సిన మనిషి కాస్తా షాపు నుంచి పెందరాళే వచ్చేసి, గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని, "ఏమేవ్, ఇటు చూస్తున్నాయే!" అని అమ్మని కేకేసేవారు. నాకింక పట్టపగ్గాల్లేవు. ఇది ఒక్క పువ్వు కాదనీ, మధ్యలో ఉన్నవన్నీ బుల్లి బుల్లి పూలేననీ, బంతీ చామంతీ ఇదీ ఒకటే కుటుంబమనీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పాఠం చెప్పాను. (అడిగినవాళ్లు ఎవరూ లేరు.)

తీరా పూలు విచ్చుకున్నాయి. విచ్చుకుని, అన్నీ కట్టగట్టుకుని మేడింటి వైపు చూస్తూ ఉండిపోయాయి! సాయంత్రం నాన్న టీ గ్లాసుతో కూర్చుంటే ఎదురుగా అన్నీ పచ్చటి వీపులే. "రేపు తిరుగుతాయి నాన్నా" అన్నాను. మర్నాడూ అంతే. గోడ మీంచి అత్తయ్యగారు, "వదినగారూ, ఎంత ముద్దుగా ఉన్నాయండీ! ఎప్పుడు చూసినా నన్నే చూస్తున్నాయి!" అని మురిసిపోయారు. అమ్మకి ఒళ్లు మండింది. "బిందెలు మోసేది నేను, మొహం చూసేది ఆవిడానా? వాళ్లింట్లో చామంతి కుండీలున్నాయిగా! ఒకటే కుటుంబమన్నావు. చుట్టాలు కనబడేసరికి మనల్ని మరిచిపోయాయి."

కాలేజీలో మా మేడమ్‌ని అడిగితే, "తిరిగేది మొగ్గలేనమ్మా, పూర్తిగా విచ్చుకున్నాక తూర్పు వైపే ఉండిపోతాయి. తెలీదూ?" అన్నారు. తెలీదు. ఇంటికొచ్చి, "ఓడిపోయాను నాన్నా, కంప్యూటర్ ఫీజు కట్టెయ్యండి" అని చెప్పి, దొడ్లోకి పోయి కడుపారా ఏడ్చాను.

మర్నాడు తెల్లవారుతూనే గోడ మీంచి అత్తయ్యగారి కేక. "అమ్మాయ్, మీ నాన్నగారికేమైందే? పూల మెడలు పట్టుకుని మెలితిప్పుతున్నారు!" పరుగెత్తుకెళ్లాను. షాపు నుంచి తెచ్చిన పురికొసతో ఒక మొక్క కాడని వరండా వైపుకి లాగి కట్టేసి ఉంది. నాన్న లుంగీ ఎగ్గట్టి, అన్నిటికంటే పెద్ద పువ్వు చేతిలో పట్టుకుని, దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా నిలబడ్డారు.

"ఒక్కటి ఇటు తిరిగినా నువ్వు నెగ్గినట్టే కదా అని చూశానే... మెడ విరిగింది."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నాన్న పువ్వుని నా చేతిలో పెట్టి, "పోయి ఆ ఎంట్రన్సేదో రాసుకో. కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదులే" అన్నారు. అమ్మ దాన్ని స్టీలు గ్లాసులో పెట్టి, టీవీ మీద, మాకు ఎదురుగా నిలబెట్టింది.

ఇప్పుడు నేను బోటనీ పాఠాలు చెబుతున్నాను. విచ్చుకున్న పువ్వు తిరగదు, పరీక్షలో తిరుగుతుందని రాస్తే మార్కులు ఉండవని క్లాసులో గట్టిగా చెబుతాను. సాయంత్రం ఇంటికొచ్చి టీ గ్లాసుతో నా పొద్దుతిరుగుడు మొక్కల ముందు కూర్చుంటే మాత్రం, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "కాస్త ఇటు చూడవే తల్లీ" అని అడుగుతాను. ఇంతవరకూ ఒక్కటీ తిరగలేదు. ఎమ్మెస్సీ చదివినదాన్ని, అయినా రేపు తిరుగుతుందేమోనని ఆశ.