తాతయ్య ముఖం మీది వెలుతురు

నా చిన్నప్పుడు గుడియాత్తంలోని మా ఇంట్లో అందరి ఫోటోలూ ఉండేవి, మా తాతయ్యది తప్ప. మేస్త్రీ పనిలో ఉండగా కంట్లో సున్నం చింది ఆయనకు కుడికన్ను పోయింది. మిగిలిన కన్ను గట్టి వెలుగును ఓర్చుకోలేకపోయేది. పెళ్లిళ్లలో ఫ్లాష్ వెలిగితే చాలు, తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. మా అత్త పెళ్లి ఆల్బంలో ఆయనున్న చోటల్లా తువ్వాలే కనిపిస్తుంది.

అప్పుడప్పుడే మా వీధికి కేబుల్ టీవీ వచ్చింది. పక్కింటి అక్క, వాళ్ల నాయన పోయాక, ఆయన ఫోటో స్టూడియోను తనే నడుపుతూ ఉండేది. ఆడపిల్లకు కెమెరా ఏమిటని నవ్వినవాళ్లే తర్వాత ఆమె చేత పెళ్లి ఫోటోలు తీయించుకున్నారు. తాతయ్య ఫోటో ఒకటి తీయమని నేను ఆమె వెంటపడ్డాను. చివరికి ఒప్పుకుంది. మా ఆవును ఫోటో తీస్తానని చెప్పి, దాని పలుపుతాడు తాతయ్య చేతికిస్తానంది.

మధ్యాహ్నం వద్దని ఆమె అంటున్నా వినకుండా నేనే ఆమెను లాక్కొచ్చాను. ఎండ నడినెత్తిన ఉంది. తాతయ్య కళ్ల కింద నల్లటి నీడలు పడ్డాయి. "ఫ్లాష్ వెయ్యక్కా, లేకుంటే నల్లగా పడతాది" అని ఆమె చెవిలో గొణిగాను. ఆమె కాసేపు తటపటాయించి, వేసింది.

ఆవు ఒక్కసారి ఎగిరి దూకింది. పలుపు తాతయ్య అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. ఆయన కన్ను మూసుకుని అక్కడే కూలబడ్డాడు, నీళ్లు ధారగా కారుతున్నాయి. అక్క పరుగున వచ్చి తడిగుడ్డ అద్దింది. "తప్పు నాదే తాతా" అంది. నా పేరు ఎత్తలేదు. నేను గోడ చాటుకు పోయి నిలబడ్డాను.

తర్వాత మూడు సాయంత్రాలు ఆమె ఖాళీ కెమెరాతోనే వచ్చింది. రీలు లేకుండా ఊరికే నొక్కుతూ, ఆవు చుట్టూ తిరిగేది. ఆ చప్పుడుకు ఆవు చెవులు నిక్కించడం మానేసింది. తాతయ్య కూడా ఆమె ఉన్న సంగతే మరిచిపోయేవాడు. నాలుగో రోజు రీలు వేసుకొచ్చింది, ఫ్లాష్ ఇంట్లోనే వదిలేసి. ఆవునూ తాతయ్యనూ గోడ నీడలో నిలబెట్టి, నన్ను ఎండలో ఉంచి తెల్ల పంచె పరిచి పట్టుకోమంది. పంచె మీద పడిన సాయంత్రపు ఎండ మెత్తబడి తాతయ్య ముఖం మీదికి పాకింది. ఆయన ఆవు గంగడోలు నిమురుతూ, "బెదిరినావా తల్లీ? ఇంక బెదరొద్దులే" అంటున్నాడు. అక్క అప్పుడు నొక్కింది.

అక్క వేలూరికి వెళ్లి రీలు కడిగించుకుని వచ్చేసరికి వారం పట్టింది. ఏమీ చెప్పకుండా పటం కట్టించి గోడకు తగిలించేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. తాతయ్య ఎదురుగా నేలమీద కూర్చుని, ఫోటోనూ నెగటివ్‌నూ ఆయన చేతిలో పెట్టింది.

"ఆవు సాకే తాతా, నేను తీసింది నిన్నే. అడక్కుండా తీసినాను. నీకు వద్దంటే చించెయ్యి. నెగటివ్ గూడా నీ చేతిలోనే ఉండాది."

తాతయ్య ఫోటోను కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఎంతసేపో చూశాడు. చించేస్తాడనే అనుకున్నాను.

"నేను ఇట్ట నగతానా?" అన్నాడు.

అక్క తల ఊపింది. "ఇంగొకటి తియ్యమ్మా. ఈసారి చెప్పి తియ్యి" అన్నాడాయన.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు ఫ్లాష్ వెయ్యమన్నది నేనేనని చెప్పేశాను. తాతయ్య నా తల మీద చెయ్యి వేశాడు. పలుపు గీసిన గాయం ఇంకా గరుకుగా తగులుతోంది. "తెలుసులే నాయనా. నాకు పోయింది కన్ను, చెవులు కాదు గదా" అన్నాడు.

ఇప్పుడు నా జుట్టు కూడా నెరిసింది. ఎవరి మేలు కోసమైనా వాళ్లకు తెలియకుండా ఏదో ఒకటి చేసేద్దామని ఈనాటికీ నాకు అనిపిస్తూనే ఉంటుంది. అలా అనిపించినప్పుడు వెళ్లి వాళ్ల ఎదురుగా కూర్చుంటాను. వద్దంటారేమోనన్న భయం ఇప్పటికీ పోలేదు, అయినా అడుగుతాను.