అరచేతికి తెలిసిన ముఖం

మా ఆయన ఏ వస్తువునైనా ముందు చేత్తో చూస్తాడు, తర్వాతే కంటితో. పెళ్ళయిన కొత్తలో ఇది నాకు పెద్ద తలనొప్పి. ఫ్రిజ్ కొందామని షాపుకి వెళితే ధర సంగతి వదిలేసి, తలుపు మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి నిమిరేవాడు. నేను చపాతీ పిండి కలిపి పెడితే ఆ ముద్దని ఒకసారి నిమిరితే గానీ వంటింట్లోంచి కదిలేవాడు కాదు. ఒకసారి ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్‌లో ఎవరిదో కారు వెనక భాగాన్ని కళ్ళు మూసుకుని మరీ నిమురుతుంటే, కారు గలాయన కూరగాయల సంచులతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "సారీ అండీ, ఈ కర్వ్ నేను చేసిందే" అన్నాడు ఈయన. నేను మాత్రం ఈయనెవరో తెలియనట్టు, ఫోన్ చూసుకుంటూ అవతలి వరసలోకి నడిచాను.

ఆయన అన్నది నిజమే. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు చాలావరకు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళే. ఈయనది మట్టి పని. కొత్త కారు బయటికి రావడానికి చాలా ముందే దాన్ని అసలు సైజులో మట్టితో చేసి చూసుకుంటారు. మట్టంటే మన కుమ్మరి మట్టి కాదు, మైనం కలిసిన గోధుమరంగు ముద్ద. ఓవెన్‌లో పెడితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని ఫోమ్ మీద పట్టించి, ఉక్కు రేకులతో గీకి గీకి నునుపు చేస్తారు. కంటికి ఆనని ఎత్తుపల్లాలు కూడా చేతికి తెలుస్తాయట. పెద్దవాళ్ళంతా వచ్చి చూసి సరేనన్నాక, కొలతలు తీసుకుని, ఆ మట్టినంతా గీకేసి మళ్ళీ ఓవెన్‌లో పడేస్తారు. నెలల తరబడి పడ్డ కష్టం ఒక్క పూటలో ముద్దయి కూర్చుంటుంది.

నేను కథలు రాస్తాను. రాసిన వాక్యం కొట్టేయాల్సివస్తే నాకు ప్రాణం మీదికి వస్తుంది. ఈయన తను చేసినదాన్ని తన చేత్తోనే గీకేసి ఇంటికొచ్చి, గోళ్ళలో ఇంకా ఆ గోధుమరంగు ఉండగానే పప్పన్నం కలుపుకుని హాయిగా తింటాడు. బాధ ఉండదా అని అడిగితే "రోడ్డు మీదికి వస్తుంది కదా" అంటాడు, అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఒక్క గుణానికి మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో లెక్కలేదు. ఆయన ముందు మాత్రం బయటపడలేదు. నెత్తికెక్కుతాడని.

ఆయన్ని అలా పెంచింది వాళ్ళ అక్క, అంటే మా వదిన. తల్లి పోయేనాటికి ఈయనకి ఆరేళ్ళు, ఆవిడకి పదిహేడు. నరసాపురంలో తమ్ముణ్ణి చంకనేసుకుని చదివిందని చెప్పుకునేవారు. నర్సుగా ముందు తను ఇక్కడికి వచ్చి, తర్వాత తమ్ముణ్ణి చదువుకి రప్పించుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "డ్యూటీలు కుదర్లేదండీ" అని నవ్వేసేది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండు సిగ్నళ్ళ అవతల ఆవిడ అపార్ట్‌మెంట్. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక నలభైమందికి కోడికూర తనే వండి తెచ్చేది, అందరి విస్తళ్ళూ నిండేదాకా గరిటె ఇంకొకరికి ఇచ్చేది కాదు. తమ్ముడు చేసిన కారు రోడ్డు మీద కనిపిస్తే చాలు, హారన్ కొట్టేది. పక్కన కూర్చున్నవాళ్ళు కంగారుపడి ఎవరికండీ అంటే "మా అబ్బాయి కారుకి" అనేది. ఆవిడ పక్కన కూర్చుని ఫ్రీవే మీద వెళ్ళడం ఒక పండగ.

కిందటి చలికాలంలో ఆవిడ పోయింది. జబ్బు బయటపడ్డాక మిగిలింది తొమ్మిది వారాలు. చివరి నెల మా ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి అక్క ముఖం తుడిచేది ఈయనే. నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. సమాధి కార్యక్రమం రోజున కూడా ఈయన కంట నీరు రాలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు, కాఫీ అందరికీ అందిందా లేదా అని చూసుకున్నాడు. నాకు కోపం కూడా వచ్చింది.

నెల తిరిగాక ఒక శనివారం పొద్దున, కాఫీ కప్పు ముందు పెట్టుకుని "అక్క ముఖం గుర్తు రావట్లేదు" అన్నాడు.

ఎప్పుడు తలుచుకున్నా ఆ చివరి నెల ముఖమే వస్తోందట. దానికి ముందున్న అక్క ఎంత వెతికినా దొరకడం లేదట. ఫోన్లలో ఉన్న ఫొటోలన్నీ తిరగేశాం. ఎందులోనూ ఆవిడ సరిగ్గా లేదు. ఫొటోలు తీసింది ఆవిడే మరి. తిన్నగా దొరికినవి రెండే, పాస్‌పోర్టు ఫొటో ఒకటి, హాస్పిటల్ బ్యాడ్జి ఒకటి. "ఇలాగే ఉండిపోతే అక్క నాకు రెండుసార్లు పోయినట్టే" అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగా భయం వేసింది.

మరుసటి వారం, అక్క ముఖం చేస్తానని ఒక పెట్టె మట్టి కొని తెచ్చాడు. నా కేకులు చేసుకునే ఓవెన్ గరాజ్‌లోకి వెళ్ళిపోయింది. ఇంక అందులో కేక్ చేయడం ఈ జన్మకి కుదరదు, ఆ వాసన వదలదు. నేను నోరెత్తలేదు. అలా ఊరుకున్నందుకు నాకు నేనే ఆశ్చర్యపోయాను.

ఇంకో భయం కూడా ఉంది. మా సంఘంలో గోడ మీద సిలువ తప్ప ఇంకే బొమ్మా ఉండదు. చనిపోయిన మనిషికి ఇంట్లో ముఖం చేసి పెట్టుకున్నామని తెలిస్తే ఏమంటారో ఊహించుకోగలను. ముఖ్యంగా మేమంతా మామ్మగారని పిలిచే పెద్దావిడ. ఆవిడ ఇక్కడ కొడుకు దగ్గర ఉంటారు. మా సంఘంలో పిల్లలందరికీ పది ఆజ్ఞలు నేర్పింది ఆవిడే. బొమ్మ చేసుకోకూడదు, దానికి మొక్కకూడదు అనే రెండో ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు ఇంకొంచెం పెరిగేది. అదృష్టమో దురదృష్టమో, ఆ చలికాలం నుంచి వేసవి దాకా ఆవిడ నరసాపురంలో కూతురి దగ్గర ఉండిపోయారు. వదినకి ఇక్కడ తల్లిలాంటి మనిషి, ఆఖరి చూపుకి కూడా రాలేకపోయారు.

ఈయన పని మొదలుపెట్టాడు. ప్రతి శనివారం, ఎండ రాకముందు వెళ్ళి కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా లేచేవాడు కాదు. నుదురు, ముక్కు, చెంప. చేసింది నచ్చక గీకేయడం, మళ్ళీ పట్టించడం. వేసవి వచ్చేసరికి ముఖం పూర్తయింది. అందరికంటే ముందు నన్నే పిలిచి చూపించాడు.

ఎంత బాగుందంటే తాకి చూడాలనిపించింది. చర్మం కింద ఎముక ఉన్నట్టే ఉంది. కానీ అది వదిన కాదు. ఎందుకు కాదో చెప్పడం నా వల్ల కాలేదు. ముక్కు ఆవిడదే, కళ్ళు ఆవిడవే. సెలవలకి ఇంటికొచ్చిన మా అమ్మాయి కూడా చూసి "ఇట్స్ సో గుడ్ నాన్నా" అని, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఈయనకి అర్థమైంది. రేకులు తుడిచి పక్కన పెట్టాడు. ఆ తర్వాత రెండు వారాలు గరాజ్ వైపు వెళ్ళలేదు.

మామ్మగారు తిరిగొచ్చిన వారంలోనే పరామర్శకి వచ్చారు. ఉక్కగా ఉందని గరాజ్ తలుపు ఎత్తి పెట్టాను. ఆవిడ కారు దిగి, ముందు గుమ్మం వైపు రాకుండా నేరుగా అందులోంచే నడిచి వచ్చారు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి బల్ల మీది ముఖం ముందు నిలబడి ఉన్నారు. ఈయన కూడా నా వెనకే వచ్చాడు.

"ఈవిడెవరు బాబూ? మీ ఆఫీసు పనా?" అన్నారు.

ఈయన ముఖంలో రక్తం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా వదిన అండీ" అన్నాను, కొంచెం కటువుగానే.

ఇంక ఆజ్ఞల గురించి మొదలుపెడతారని కాచుకుని ఉన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చుట్టూ తిరిగి చూశారు. "ముక్కు దానిదే. నుదురూ దానిదే. కానీ అది ఇంత తిన్నగా ఎప్పుడుంది బాబూ? దానికి నవ్వు ముందు ఎడం పక్కకి వచ్చేది. కుడి పక్కకి రావడానికి టైమ్ పట్టేది. అది వచ్చేలోపు ఈ కన్ను సగం మూసుకుపోయేది" అని, తన ముడతల ముఖాన్ని ఒక పక్కకి లాగి చేసి చూపించారు. ఆ ఒక్క క్షణం వదిన అక్కడ నిలబడింది.

ఈయన ఆ ముఖం నడుమ వేలితో పైనుంచి కిందికి నిమిరాడు. తర్వాత నెమ్మదిగా "నేను కారు చేశాను" అన్నాడు.

మామ్మగారికి అర్థం కాలేదు. నాకూ ఆయన విడమరిచి చెప్పాకే అర్థమైంది. కారు చేసేటప్పుడు నడిమికి గీత పెట్టుకుని ఒక సగమే చేస్తారట. రెండో సగాన్ని మొదటిదాని కొలతలతో దించుతారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోరు. ఇరవై ఏళ్ళకి పైగా అదే చేసిన చెయ్యి అక్క ముఖానికీ నడుమ గీత పెట్టింది. పాస్‌పోర్టు ఫొటో చూసి ఎడమ సగం చేసి, కొలతలు తీసి, కుడి సగానికి దించేసింది.

ఆ శనివారం నుంచి కొలతల పరికరాలన్నీ డబ్బాలో పెట్టి మూసేశాడు. కుడి సగం మొత్తం గీకేశాడు. మట్టి పట్టించి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ రెండు చెంపల మీద పెట్టుకుని కూర్చునేవాడు. నెల రోజులు అక్క ముఖం తుడిచిన చేతులవి. ఎముక ఎక్కడుందో, చెంప ఎక్కడ జారుతుందో వాటికి తెలుసు. మా అమ్మాయి పక్కన స్టూలు వేసుకుని "నాన్నా, అత్త లాఫ్ చేస్తే ఐబ్రో కూడా పైకి వెళ్తది, రైట్?" అంటుంటే, ఆయన బొటనవేలితో ఇంత నొక్కేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. నా కథల్లో నేను ఇన్నాళ్ళూ మనుషుల్ని ఎంత తిన్నగా రాశానో అప్పుడే తెలిసొచ్చింది. నాకు తెలిసిన కళాకారుల్లో ఈయనంత పెద్దవాడు లేడు, ఈ మాట ఇప్పుడు రాసి పెడుతున్నాను, చదువుకోనీ.

మూడు వారాలకి పని అయింది. ఈసారి నన్ను పిలవలేదు. మామ్మగారికి ఫోన్ చేశాడు.

ఆవిడ వచ్చి, మేం వేసిన కుర్చీలో కూర్చుని, చాలాసేపు చూశారు. నేను ఈయన వైపు చూడలేకపోయాను. చివరికి ఆవిడ వేలు చూపించి, వంటింట్లో వదినని మందలించేటప్పటిలాగే అన్నారు: "నేను వచ్చేదాకా ఆగలేకపోయావటే?"

కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. తల వంచబోతూ ఒక్కసారి ఆగిపోయారు. ఎదురుగా ఆ ముఖం ఉంది మరి. లేచి, కుర్చీని గడ్డి కోసే మిషన్ వైపు తిప్పుకుని, వదినకి వీపు పెట్టి కూర్చున్నారు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక నా భుజంలో ముఖం దాచుకుంది. ఆవిడ ప్రార్థన పొడుగ్గానే చేశారు. వదిన వండిన కూరలకి, చేసిన నైట్ డ్యూటీలకి, పెంచిన తమ్ముడికి, ఒక్కొక్కదానికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పారు.

ఆమేన్ అనుకుని అందరం కళ్ళు తెరిచాం. ఈయన తెరవలేదు. రెప్పల కిందనుంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నాయి, తుడుచుకోవడం లేదు. కంగారుపడి భుజం మీద చెయ్యి వేశాను.

"ఉండు, పిలవకు. అక్క నవ్వుతోంది" అన్నాడు.