గడప మీద ఎన్ని జానలు

ఐదేళ్ల కిందట కార్తీకంలో వచ్చిన తుపాను వెళ్లిపోయిన రెండు నెలలకు, కల్లాలపేట పునరుద్ధరణ ప్రణాళిక పనికి నన్ను అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి నేను గుంటూరు చుట్టుపక్కల ఒక చిన్న మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్ని. రిటైర్ కావడానికి ఇంకా పది నెలలున్నాయి. వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఇంజనీరు కాదు. అసిస్టెంట్ ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన ఉండే మనిషి. రోడ్డుగానీ, కాలవగానీ, ఏ పని జరుగుతున్నా దగ్గర నిలబడి, ఎస్టిమేట్‌లో రాసినట్టే జరిగిందని సంతకం పెట్టేవాడు. ఆ సంతకం సంగతి తర్వాత వస్తుంది.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. సర్వే కూలీగా చేరాను. స్టాఫ్ అని అంకెలు వేసిన పొడుగాటి కర్ర ఒకటి ఉంటుంది. దాన్ని నిటారుగా పట్టుకుని ఎండలో నిలబడటమే నా పని. అవతల మూడుకాళ్ల స్టాండు మీద బిగించిన లెవెల్ యంత్రంలోంచి ఇంజనీరు ఆ కర్ర మీది అంకె చూసి పుస్తకంలో రాసుకునేవాడు. ఆ అంకెను బట్టి ఏ నేల ఎంత ఎత్తులో ఉందో తేలుతుంది. ఆఫీసులో పారేసిన లెవెల్ పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, ఆ కూడికలూ తీసివేతలూ మళ్లీ వేసుకుని, పదేళ్లకు ఆ యంత్రం వెనక్కి వచ్చాను. డిగ్రీ ఉన్నవాడు డిగ్రీ లేనివాడి మాటను చేత్తో తోసేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ వయసులోనూ మండుతుంది.

మా మునిసిపాలిటీలోని కల్లాలపేటలో ఒకప్పుడు మిరపకాయలు ఆరబోసే కల్లాలుండేవి. ఇప్పుడు అన్నీ కూలీల ఇళ్లే. మధ్యలో ఉత్తర దక్షిణాలుగా సిమెంటు రోడ్డు. రోడ్డుకు తూర్పున కొన్ని ఇళ్లు, ఆ తర్వాత వాగు. రోడ్డుకు పడమట నలభై ఒక్క ఇళ్లు, వాటి వెనక పత్తి చేలు. ఆ పడమటి వరసలోనే తుపానుకు మనుషులు మంచాల మీద మంచాలు వేసుకుని కూర్చున్నారు.

ప్రణాళిక తయారు చెయ్యడానికి ఒక కన్సల్టెన్సీని పెట్టారు. దాని తరఫున నీరజ గారనే ప్లానర్ వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. మర్యాదస్తురాలు, పని దొంగ కాదు. డ్రోన్ ఎగరేసి నేల ఎత్తుపల్లాల మ్యాపు వేయించింది. పేట తరఫున ఒక కమిటీ ఉండేది. జీతం లేని పని కాబట్టి అందులో మిగిలింది ఇద్దరే. ఒకరు సువార్తమ్మ, చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిలు స్త్రీ. రెండోవాడు దావీదు, మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీ. నా పని ఈ రెండు వైపులకూ మధ్య నిలబడి, సరిహద్దులు చూపించడం, అడిగిన కాగితం తెచ్చివ్వడం.

మొదటి మీటింగు చర్చి వరండాలో జరిగింది. నీరజ గారు గోడకు మ్యాపు తగిలించింది. పడమటి వరసంతా ఎర్ర రంగులో ఉంది.

దావీదు లేచాడు. “ఏందండీ ఆ ఎరుపు? మా ఇళ్ల మీద మిరపకాయలు ఆరబోశారా?”

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, అది ముంపు ప్రాంతమని, పేటలో అన్నిటికంటే పల్లం అదేనని, వాగు పొంగితే ముందు మునిగేది అదేనని చెప్పింది. ఆ నలభై ఒక్క ఇళ్లనూ ఖాళీ చేయించి పదకొండు కిలోమీటర్ల అవతల స్థలాలివ్వాలని వాళ్ల ప్రతిపాదన.

అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. మిరప కోతలకు ఆటోలు తెల్లవారుజామున పేట మలుపులోకొచ్చి ముఠాగా ఎక్కించుకుపోతాయి. పదకొండు కిలోమీటర్లు వెళితే ఆటో రాదు, ముఠా చెదిరిపోతుంది. ఆ వరసలో ఆడవాళ్లందరి బతుకూ ఆ ఆటో మీదే ఉంది.

“వాగు పొంగిందని మీకెవరు చెప్పారమ్మా?” అన్నాడు దావీదు. “మీరు గాల్లోంచి చూశారు. మేం నీళ్లలోంచి చూశాం. నీళ్లు చేల మీంచి వచ్చినయ్. వాగు మావైపు రానే లేదు.”

ఆవిడ ఆధారం అడిగింది. అడగడం న్యాయమే. గోడల మీద నీటి మరకలేమైనా ఉన్నాయేమోనని ముందు రోజే ఇల్లిల్లూ తిరిగి చూసింది. ఒక్కటీ లేదు. ఎలా ఉంటాయి? మధ్యలో క్రిస్మస్ వచ్చింది. తుపాను బురదంతా కడిగి, పిడుగురాళ్ల సున్నం తెచ్చి పేట మొత్తం వెల్ల వేసుకున్నారు. ఏటా చేసే పనే చేశారు. దాంతో సాక్ష్యమంతా సున్నం కింద పడిపోయింది.

సువార్తమ్మ సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి ఇచ్చింది. నీళ్లు తీసిన మూడో రోజు ఇంటింటికీ వెళ్లి మరక ఎంత ఎత్తున ఉందో కొలిచి రాసిందట. నీరజ గారు రెండు పేజీలు తిప్పింది. దావీదు ఇంట్లో నాలుగు జానలు. ఆనుకున్న పక్కింట్లో ఒక జాన. ఇంకో ఇంట్లో రెండున్నర.

“నీళ్లు ఒకే మట్టంలో ఉంటాయి కదమ్మా. పక్కపక్క ఇళ్లకు ఇంత తేడా ఎలా వస్తుంది? కొందరు ఎక్కువ చేసి చెప్పి ఉంటారు.”

“ఎవరూ చెప్పలేదమ్మా, నేనే కొలిచాను” అంది సువార్తమ్మ.

నీరజ గారు వాదించలేదు. జానలతో ప్లాన్లు వెయ్యలేమని మెత్తగా చెప్పి పుస్తకం తిరిగిచ్చేసింది. తన కాగితంలో ‘నివాసుల కొలతలు వాడదగినవి కావు’ అని రాసుకోవడం నేను పక్కనుంచి చూశాను. నాకు ఒళ్లు మండింది. చదువుకున్న పిల్ల, ఒక్క ప్రశ్న అడగొద్దా? మీటింగు అయ్యాక ఆ పుస్తకం నేను అడిగి పుచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సువార్తమ్మ ఇంటికి వెళ్లాను. “ఎక్కణ్ణించి కొలిచారమ్మా?” అన్నాను.

“గడప మీంచండి. ఇంకెక్కణ్ణించి కొలుస్తాం?”

మా వైపు ఎవరిని అడిగినా ముంపు గడప మీంచే చెబుతారు. గడప దాటి ఇంట్లోకి ఎంత వచ్చిందన్నదే వాళ్ల లెక్క. కానీ ఒక్కో ఇంటి గడప ఒక్కో ఎత్తు. దావీదుది పాత పెంకుటిల్లు, గడప నేలకు ఆనుకుని ఉంటుంది. పక్కవాళ్లది కొత్తగా పునాది లేపి కట్టిన స్లాబు. గడపల ఎత్తు తెలిస్తే, దానికి జానలు కలిపితే నీటి మట్టం వస్తుంది. ఇది నాకు తట్టడంలో గొప్పేమీ లేదు. నలభై ఏళ్లు చేసిన పనే అది.

“జానలంటే ఎవరి జానలు? ఇంటికొకరు పెట్టారా?”

“ఇంటికో చెయ్యి పెడితే లెక్కెట్టా నిలుస్తదండి? మొత్తం నా చెయ్యే.”

స్టాఫ్ పడుకోబెట్టి దాని మీద ఆవిడ చెయ్యి చాపించాను. చిన్న చెయ్యి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా పందొమ్మిది సెంటీమీటర్లు. మామూలుగా జానంటే ఇరవై మూడు వేసుకుంటాం. అలా వేసుకుని ఉంటే లెక్క తప్పేది.

రెండు రోజులు పట్టింది. చర్చి మెట్టును ఆధార మట్టంగా పెట్టుకుని, రోడ్డుకు రెండువైపులా ఇళ్ల గడపలన్నిటి ఎత్తూ తీశాను. స్టాఫ్ దావీదు పట్టుకున్నాడు. ఒక ముసలావిడ గడప మీద కర్ర పెట్టనివ్వలేదు.

“ఒరేయ్ దావీదూ, ఆ గడప మీదేందిరా ఆ కర్ర? తియ్!”

“ఉండు పిన్నీ, నీ ఇంటిని ఎరుపులోంచి బయటికి లాగుతున్నా.”

“లాగేవాడివి మెల్లిగా లాగు. నిన్ననే అలికాను.”

రెండో రోజు మధ్యాహ్నం చర్చి వరండాలో కూర్చుని లెక్క వేశాను. దావీదు ఇంటికీ పక్కింటికీ పుస్తకంలో తేడా మూడు జానలు, అంటే యాభై ఏడు సెంటీమీటర్లు. గడపల తేడా లెవెల్‌లో యాభై ఎనిమిది వచ్చింది. ఇల్లు తర్వాత ఇల్లు వేసుకుంటూ పోయాను. పడమటి వరస మొత్తం ఒకే నీటి మట్టం. ఎక్కడా నాలుగైదు సెంటీమీటర్లకు మించి తేడా లేదు. ఎవరూ ఎక్కువ చెప్పలేదు. చేత్తో గోడలు కొలుచుకుంటూ పోయిన మనిషి మా ఆఫీసులో సగం మంది కంటే నికరంగా కొలిచింది.

తూర్పు వైపు ఇళ్లదీ ఒకే మట్టం. కానీ అది పడమటి దానికంటే నలభై ఆరు సెంటీమీటర్లు కింద ఉంది. వాగు పొంగి వచ్చిన నీళ్లయితే వాగు పక్కన ఉన్న తూర్పు ఇళ్లలో ఎక్కువ ఉండాలి, లేదా రెండువైపులా సమానంగా ఉండాలి. పడమట ఎక్కువ ఉందంటే చేల నీళ్లు వాగులోకి పోలేక రోడ్డుకు అడ్డంపడి నిలిచాయన్నమాట. దావీదు మొదటి రోజు అన్నది అదే. పడమటి వరసను ముంచింది వాగు కాదు, సిమెంటు రోడ్డు.

ఆ రోడ్డు అంతకు ఆరేళ్ల ముందు వేశారు. వేసినప్పుడు దగ్గర నిలబడి సంతకం పెట్టింది నేను.

పాత కంకర రోడ్డు కింద మూడు తూములుండేవి. చేల నీళ్లు వాటిలోంచి వాగులోకి పోయేవి. కొత్త రోడ్డు అడుగున్నర ఎత్తు లేపారు. ఎస్టిమేట్‌లో తూముల ఊసు లేదు. కాంట్రాక్టరు వాటి నోళ్లు పూడ్చి పైన కాంక్రీటు పోశాడు. ఆ తర్వాత తుపాను దాకా పెద్ద వానలు లేక అది బయటపడలేదు. లేని ఊసు ఎందుకు లేదని అడగాల్సినవాణ్ణి నేను, అడగలేదు. అడిగింది సువార్తమ్మ. కాంక్రీటు పోస్తున్న రోజు బైబిలు సంచితో వచ్చి, “అయ్యా, ఈ తూముల్లో కార్తీకం వానలకు రెండు జానల నీళ్లు పోతయ్యండి, మూసేస్తే మా ఇళ్లమీద పడతయ్” అంది. నేనన్న మాట అక్షరం మర్చిపోలేదు. “రోడ్లు జానలతో వెయ్యరమ్మా. ఇంజనీర్లు చూసుకుంటారు. నువ్వు ప్రార్థన చూసుకో” అన్నాను.

లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సువార్తమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది. “ఏమొచ్చిందండి?” అంది. ఆవిడకు గుర్తుందని నాకు తెలుసు. ఆ రెండు రోజుల్లో ఆవిడ ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు. ఇంకోసారి సరిచూడాలని అబద్ధం చెప్పి ఇంటికి వచ్చాను. ఆ కాగితం ఇస్తే ఆ రోడ్డు ఎవరు పాస్ చేశారన్నదే మొదటి ప్రశ్న. ఇవ్వకపోతే నలభై ఒక్క ఇళ్లు లేచిపోతాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ కాగితం నా జేబులోనే ఉంది. ఈ మాట రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

నీరజ గారికి ఇచ్చాను. ఆవిడ అంకెలు సరిచూసింది. యంత్రం తెచ్చి నాలుగు గడపల ఎత్తు తనే మళ్లీ తీసుకుంది. సరిపోయాయి. “ఎక్కణ్ణించి కొలిచారని నేను అడగలేదండి” అంది. ఆవిడ మీద మీటింగు నాటి నుంచి పెంచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే మా ఆఫీసులో నా పని చూసే పై అధికారి, కాగితం చూసి, “నువ్వు పాస్ చేసిన రోడ్డే కదయ్యా ఇది! పది నెలల్లో పోయేవాడివి, నీకెందుకొచ్చిన గొడవ?” అన్నాడు. తూములు అసలున్నాయో లేవో రుజువేమిటన్నాడు. రుజువుకు సువార్తమ్మ వెళ్లి రోడ్డు పక్కన ఒక చోట కాలితో చూపించింది. దావీదు పలుగు తీసుకుని మూడడుగులు తవ్వాడు. తూము నోరు కనిపించింది. నిండా కాంక్రీటు. దావీదు పలుగు మీద ఆనుకుని నావైపు చూసి, “ఏందయ్యా ఇన్‌స్పెక్టరూ, బాగానే దాచావే!” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తుది ప్రణాళికలో పడమటి వరసకు ఎరుపు తీసేశారు. రోడ్డు మూడు చోట్ల కోసి పెద్ద తూములు వెయ్యాలని రాశారు, వేశారు కూడా. ఎవరూ ఇల్లు వదిలి పోలేదు. మరుసటి ఏడు కార్తీకం వానలకు చేల నీళ్లు రోడ్డు కిందనుంచి వాగులోకి పోయాయి. గడపలు తడవలేదు. నివేదికలో సువార్తమ్మ పేరు లేదు, ‘స్థానికుల సహకారంతో’ అని ఉంది. నాకు మెమో ఇచ్చారు. తూములు నా ఎదుటే మూశారని, నాకు ముందే చెప్పారని, ఎవరు చెప్పారో పేరుతో సహా వివరణ రాసి ఇచ్చాను. ఆఫీసు కాగితాల్లో ఆవిడ పేరున్నది ఆ ఒక్క వివరణలోనే. రిటైరయ్యాక నా పెన్షన్ కాగితాలు నాలుగు నెలలు ఆగాయి. ఆగడం సబబే.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే. ఎవరైనా కొలత చెబితే, అది తప్పనే ముందు ఎక్కణ్ణించి కొలిచారు, దేనితో కొలిచారు అని రెండూ అడగండి. నీరజ గారు రెండు పేజీలు తిప్పి అడగలేదు. సువార్తమ్మ రెండు జానలు అన్నప్పుడు నేను ఆ తూము పక్కనే నిలబడి అడగలేదు. నీరజ గారికి ఆ ఊరు కొత్త. నాకు కాదు.