నిలబడి తిన్న మనిషి

మా పక్కింటి బాబాయి గారు పోయారు. బుధవారం పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ, అందులో ఎవరినో తిట్టడం మొదలుపెట్టారట. "తిట్టు సగంలో ఆగిపోయిందమ్మా. ఏంటా అని తిరిగి చూస్తే తల వాలిపోయి ఉంది" అని పిన్నిగారు ఫోన్లో చెప్పారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

మధ్యాహ్నానికల్లా మా వీధి వాట్సాప్ గ్రూపులో సంతాపం వచ్చేసింది. ఆయన ఫోటో, చుట్టూ పూలు, కింద చక్కటి భాషలో నాలుగు వాక్యాలు. సౌమ్యులు, మితభాషి, విభేదమంటే ఎరుగని అజాతశత్రువు అని. ఎవరో పేరూ వయసూ చెబితే ఫోనులో ఏఐ రాసిపెట్టిన ముక్క అది. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క మాట నిజం లేదు. పిన్నిగారికి చదివి వినిపిస్తే, అంత ఏడుపులోనూ కళ్ళు తుడుచుకుని, "ఎవరమ్మా ఆయన?" అన్నారు.

అందుకే ఇది నేను రాస్తున్నాను. బాబాయి గారు సౌమ్యులు కారు. మితభాషి అసలే కారు. మా వీధిలో ఆయనతో ఒక్కసారైనా తగువు పడని మనిషి లేడు, మా చర్చి పాస్టరు గారితో సహా. శత్రువులు లేరంటే ఆయనకి ఒళ్ళు మండేది. ఎవరికీ కోపం రాకుండా బతికానంటే ఎవరి తరఫునా మాట్లాడలేదన్నమాటే కదా అనేవారు.

ఆయన మాకు చుట్టం కాదు. రాజమండ్రిలో మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ, అంతే. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యారు. మధ్యలో వచ్చిన ప్రమోషన్లన్నీ యూనియన్ కార్యదర్శి పని కోసం వదిలేసుకున్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన మధ్యాహ్నం పూట కూర్చుని అన్నం తినగా చూడలేదు. ఒంటిగంట కాగానే క్యారేజీ గిన్నె ఎడమచేత్తో పట్టుకుని వరండాలో నిలబడి తినేవారు. పిన్నిగారు కంచం పెట్టి పిలిచి పిలిచి విసిగిపోయి, చివరికి ఆ గిన్నెలోనే వడ్డించడం మొదలుపెట్టారు. అది ఉద్యోగంలో అబ్బిన అలవాటు. వాళ్ళ ఆఫీసులో ఏ సమస్య వచ్చినా భోజనాల వేళ గేటు దగ్గర మీటింగు పెట్టేవారు. పని ఎగ్గొట్టకూడదు, అన్నం మానకూడదు, అడగడం మానకూడదు. అంచేత గిన్నెలు పట్టుకుని నిలబడి, తింటూ మాట్లాడుకునేవారు. ఆయన ఆవేశానికి మెతుకులు ముందు వరస మీద పడేవని పిన్నిగారు నవ్వేవారు.

ఆ ఆఫీసుకి మొదటిసారి కంప్యూటర్లు వచ్చిన సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పారో. పెట్టెలతో లారీ గేటు దాకా వచ్చింది. వీళ్ళు దింపనివ్వలేదు. లారీ రోజుల తరబడి ఎండలో నిలబడిపోయింది. పాపం డ్రైవరు చేసిన తప్పేముందని వీళ్ళ క్యారేజీల్లోంచే తలా ఒక ముద్ద అతనికీ పెట్టారు. ఒకరింటి గోంగూర, ఇంకొకరింటి చేపల పులుసు బాగా అలవాటైపోయి, ఒప్పందం కుదిరి పెట్టెలు దిగిన రోజున అతనొక్కడే దిగులుగా వెళ్ళాడట. ఒక్క ఉద్యోగం కూడా పోకూడదు, అందరికీ ఆ పని నేర్పాలి, అదీ ఒప్పందం. అందరికంటే ముందు నేర్చుకున్నది బాబాయి గారే. తోటివాళ్ళకి నేర్పిందీ ఆయనే. అయినా కంప్యూటర్లు వద్దన్న పెద్దమనిషి అని జనం జీవితాంతం ఆయన్ని ఆటపట్టించారు. "యంత్రం మీద మాకేం కోపం? మమ్మల్ని అడక్కుండా తెచ్చినవాళ్ళ మీద కోపం" అనేవారు. చిన్నప్పుడు ఇది నాకు పాతకాలపు చాదస్తంగా తోచేది.

నా పని ప్రోగ్రాములు రాయడం. బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో చిన్న ఆఫీసు మాది. రైసు మిల్లులకీ, ఐసు ఫ్యాక్టరీలకీ, రొయ్యల మేత డీలర్లకీ కావలసిన సాఫ్ట్‌వేర్ చేస్తాం. కిందటేడు మా ఓనరు కోడ్ రాసే ఏఐని తెచ్చారు. మాకు వారం పట్టే పనిని అది మేం టీ తాగి వచ్చేలోపు రాసిపెట్టేది. దాన్ని చూసి నాకు ముచ్చటేసిన మాట నిజం. ఆ తర్వాత అది రాసిన ప్రోగ్రాము ఒక మిల్లులో తడిసిన ధాన్యం తూకంలోంచి తేమ తరుగు రెండుసార్లు తీసేసింది. రైతులు మిల్లు మీదికి వెళ్ళారు, మిల్లువాళ్ళు మా మీదికి వచ్చారు. తిట్లు మేం తిని, కోడు మేం దిద్దాం.

అయినా నెల తిరక్కుండా ఓనరు నన్ను గదిలోకి పిలిచారు. భీమవరం వైపు చేపల చెరువుల కుటుంబం, నాకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. ఇక మీదట ఎంతమంది చాలో ఆ ఏఐనే అడిగారట. సగం మంది చాలని రిపోర్టు ఇచ్చిందట. వెళ్ళాల్సిన సగం ఎవరో నేను చెప్పాలి, సీనియర్ని కాబట్టి. "నేనంటున్నది కాదండి మేడమ్ గారూ, రిపోర్టే అలా ఉంది" అన్నారు.

ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడి బాబాయి గారికి చెప్పాను. ఎనిమిది మందిమి, అందులో ఇద్దరు నా చేత పని నేర్చుకున్న పిల్లలు. పేర్లు చెబితే వాళ్ళ మొహం చూడలేను, చెప్పకపోతే ముందు నా ఉద్యోగమే పోతుంది. ఆయన జాలిపడలేదు.

"యంత్రం ఎవర్నీ ఉద్యోగంలోంచి తియ్యదమ్మా. తీసేది మనిషి. ఆ మనిషెవరో ఆయన నోటితోనే చెప్పించండి. మాట అక్కణ్ణుంచి మొదలవ్వాలి" అన్నారు. తర్వాత, మీ ఆఫీసుకి గేటెక్కడ అని అడిగారు. గేటు లేదు, మెట్లేనన్నాను. మెట్లు చాలన్నారు.

మర్నాడు ఒంటిగంటకి క్యారేజీ పట్టుకుని వచ్చేశారు. మోకాళ్ళ నొప్పులతో ఆగి ఆగి ఎక్కి, మొదటి అంతస్తు మలుపులో గోడకి ఆనుకుని గిన్నె విప్పారు. ఆయన చుట్టూ మా వాళ్ళంతా టిఫిన్ బాక్సులతో మెట్ల మీద నిలబడ్డారు. కింద బట్టల కొట్టు ఆడపిల్లలు తలెత్తి చూస్తున్నారు. ఏంటి గొడవ అంటూ ఓనరు దిగి వచ్చారు.

"ఎవరు తీసేస్తున్నారండి వీళ్ళని?" అని అడిగారు బాబాయి గారు.

ఓనరు ఎనాలిసిస్ అన్నారు, సిస్టమ్ అన్నారు.

"అయితే సిస్టమ్ గారిని పిలవండి బాబూ, ఆయనతోనే మాట్లాడతాను."

ఓనరు మెల్లిగా, "నేనేనండి" అన్నారు.

"ఆయ్. మరైతే మీరూ మేమూ మాట్లాడుకోవచ్చు. ముందు ఒక ముద్ద తినండి" అని బాబాయి గారు గిన్నె ముందుకు చాపారు. ఓనరు నిలబడే తిన్నారు.

ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఏఐ కూడా ఉండిపోయింది. అది మిగిల్చిన టైములో మేం మిల్లులకి వెళ్ళి, పని ఎలా జరుగుతుందో కళ్ళారా చూసి, అది రాసిన ప్రతి ముక్కనీ సరిచూడాలని మాట్లాడుకున్నాం. ఏడాదిపాటు ఎవర్నీ తియ్యనని మాటిచ్చారు ఓనరు. గెలిచాం బాబాయి గారూ అని నేను సంబరపడితే, "ఏడాదికి గెలిచారు" అన్నారాయన, చారు జుర్రుకుంటూ. అప్పుడు కాస్త మనసు చివుక్కుమంది. ఆయన మాటే నిజమైంది.

ఆ ఏడాది ఈ నెలతో అయిపోతోంది. పోయేముందు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, ఈసారి నేను మెట్లెక్కలేను, నువ్వే మాట్లాడు అన్నారు. నాకంత గొంతు లేదన్నాను. "గొంతెందుకే అమ్మాయ్? ఆ ఒక్క ప్రశ్నా అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడండి. తింటూ నిలబడితే ఓపికుంటుంది." నాతో ఆయన చివరిగా అన్న మాటలు ఇవే. ఇంకా బోలెడు తగువులు పెట్టుకోవలసిన మనిషి, ఇలా సగంలో వదిలేసి వెళ్ళినందుకు నాకు ఆయన మీద కోపంగా ఉంది.

సమాధుల దొడ్డిలో టెంటు కింద కుర్చీలు వేశారు. ఆయన పాత ఆఫీసు వాళ్ళు, కర్రలతో వచ్చిన ముసలివాళ్ళు, ఒక్కరూ కూర్చోలేదు. పాస్టరు గారు ప్రార్థనలో, ఆయనతో వాదించడానికి పరలోకంలో అందరూ సిద్ధపడాలని అన్నారు. ఆ వాట్సాప్ సంతాపం కంటే ఆ ఒక్క మాటలోనే బాబాయి గారు ఎక్కువగా కనిపించారు. ఇంటికి వచ్చాక పిన్నిగారు ఆయన గిన్నె తోమి, తుడిచి నా చేతిలో పెట్టారు. అంచు ఒకచోట సొట్టపోయి ఉంటుంది.

సోమవారం ఓనరు మళ్ళీ పిలిచారు. రిపోర్టు మళ్ళీ అదే అంటోందన్నారు. పేర్లు చెప్పనండి, ఒంటిగంటకి మెట్ల మీద ఉంటాం అని చెప్పి వచ్చేశాను.

ఒంటిగంటకి మేమంతా మెట్ల మీద ఉన్నాం. ఓనరు కారు తాళాలతో దిగుతూ మధ్యలో ఆగారు, దారి లేదు. నా చేతిలో గిన్నె చూసి గుర్తుపట్టారనుకుంటాను. "ఎవరు తీసేస్తున్నారండి?" అని అడిగాను. గొంతు వణికింది, వణకనివ్వండి. ఆయన తన ఫోను వైపు చూసుకున్నారు, నా వైపు చూశారు. మాలో ఒకమ్మాయి తన బాక్సులోంచి ఆయనకి ఒక ముద్ద పెట్టబోతే, వద్దన్నట్టు తల ఊపారు. కింద కొట్టువాళ్ళు భోజనాలు ముగించి మళ్ళీ చీరలు పరవడం మొదలుపెట్టారు. లంచ్ టైము అయిపోయింది. రెండు మెట్లు పైన తాళాలు పట్టుకుని ఆయన, ఆ ఒక్క జవాబు కోసం కింద ఖాళీ గిన్నెలతో మేము, నిలబడే ఉన్నాం.